జగ్గయ్యపేటలో ఒక జపాను బొమ్మల సినిమా

బెజవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద ఎన్నిసార్లు ప్రయాణం చేశానో లెక్కలేదు. అయినా నందిగామ, జగ్గయ్యపేటలు చూద్దామని బయలుదేరింది మాత్రం ఇదే మొదలు. అక్కయ్యగారింటికి వెళ్ళటం, భోంచేసి మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావటం వేరు. ఊరు చూడటం వేరు. ఈసారి మేనకోడలు కబురు చేసింది. చదువు పూర్తయి హైదరాబాదులో ఉద్యోగం దొరికిందిట. “నేను వెళ్ళిపోయేలోగా ఒకసారి రా మావయ్యా, నాలుగు రోజులుండేట్టు రా” అంది. నాలుగు రోజులు కుదరలేదు గాని రెండు రోజులు కుదిరింది.

ఇబ్రహీంపట్నం దాటగానే కృష్ణా జిల్లా తన రెండో ముఖం చూపిస్తుంది. కాలవలూ, వరిచేలూ, కొబ్బరిచెట్లూ వెనకపడిపోతాయి. నల్లరేగడి భూములు, పత్తి, మిరప, అక్కడక్కడ తాటిచెట్లు, దూరంగా బోడిగుట్టలు. దీన్ని మెట్ట అంటారు. 2022 నుంచి ఈ భాగమంతా ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళింది గాని, పెద్దవాళ్ళ నోట ఇంకా కృష్ణా జిల్లాయే. పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామి బస్సులోవాళ్ళందరి చేతా దణ్ణం పెట్టించుకున్నాడు. కంచికచర్ల దాటాక కీసర వంతెన వచ్చింది. కింద మునియేరు. ఆ రోజు ఇసక మీద నాలుగు పాయలుగా, ఎవరో జడ వేయటం మొదలుపెట్టి మధ్యలో లేచిపోయినట్లుగా వుంది. ఈ ఏరేనా 2023 జూలై ఆఖరులోనూ, మళ్ళీ 2024 సెప్టెంబరు 1న కూడాను ఐతవరం దగ్గర హైవే మీదికి ఎక్కి, లారీలనూ బస్సులనూ కిలోమీటర్ల కొద్దీ నిలబెట్టేసిందీ అనిపించింది.

ఐతవరానికి దగ్గరలో, ఏటివారనున్న ఒక పల్లెలో మా పిన్ని వుంటుంది. దారే కదా అని దిగాను. ఆవిడకు డెబ్భై దాటాయి. వసారాలో గేదె, పెరట్లో కరివేపచెట్టు, వంటింట్లో ఆవిడ. ముందు గదిలో గోడ మీద నా భుజాల ఎత్తున ఒక చార వుంది. దాని పైన తెలుపు, కింద మట్టిరంగు. “సున్నం వేయించలేదేం పిన్నీ?” అన్నాను. “వేయించానురా, రెండుసార్లు. మళ్ళీ పైకి వస్తోంది. పోనీలే, ఎంత దాకా వచ్చిందో నలుగురికీ తెలుస్తుంది” అంది. మజ్జిగ ఇచ్చింది, తాగాను. బస్సు వేళయిందని లేచాను. ఆ చార సంగతి ఇంకా అడగవలసిందని అప్పుడు తోచలేదు.

నందిగామ గురించి ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొట్టమొదటి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు పుట్టిన ఊరది. ఒకప్పుడు తాలూకా కేంద్రం; నైజాము భూముల మధ్య దీవిలాగా వున్న మునగాల పరగణా కూడా ఈ తాలూకాలోదే. 1959లో అది నల్లగొండ జిల్లాకు పోయింది. ఇప్పుడు ఆ వీధుల్లో నడిస్తే ఇవేవీ కనిపించవు. బస్టాండు ముందు మిరపకాయ బజ్జీలు మాత్రం కనిపించాయి. బాగున్నాయి.

జగ్గయ్యపేట చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఈ ఊరి పాత పేరు బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తండ్రి జగ్గయ్యగారి పేర పేట కట్టించి ఆ పేరు పెట్టారు. అక్కయ్య వీధిగుమ్మంలోనే నిలబడి వుంది. బావగారు ఎప్పటిలాగానే, “బస్సులో సీటు దొరికిందా?” అన్నారు. దొరికిందన్నాను. ఆయన సంభాషణ అక్కడితో పూర్తయింది.

రాత్రి భోజనాలయ్యాక మేనకోడలు, “మావయ్యా, ఇవాళ నీకో సినిమా చూపిస్తాను. బొమ్మల సినిమా. నవ్వకూడదు” అంది. పిల్లల సినిమా కాబోలు, కునుకు తియ్యవచ్చని కుర్చీ వెనక్కు జరుపుకున్నాను. చెప్పవద్దూ, పదకొండు గంటల దాకా ఆ కుర్చీ మళ్ళీ ముందుకు జరుపుకునే వున్నాను.

దాని పేరు ‘కిమి నో నా వా’. ‘నీ పేరు...’ అని అర్థంట. 2016 ఆగస్టులో జపానులో విడుదలయి, ఆ దేశంలోనే రెండువేల ఐదువందల కోట్ల యెన్నులు వసూలు చేసింది. దర్శకుడు మకోతో షింకాయ్. 1973లో నాగనో అనే కొండప్రాంతంలో పుట్టినవాడు. అంటే మెట్టవాడే! భాష జపాను, కింద ఇంగ్లీషు అక్షరాలు. అక్కయ్యకు ఆ రెండూ రావు. అంచేత మేనకోడలు పక్కన కూర్చుని, ఎవరేమంటున్నారో తెలుగులో చెబుతూ పోయింది. మూకీల రోజుల్లో జపాను సినిమాహాళ్ళలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళుండేవారు, బెన్షీ అని. వాళ్ళకోసమే జనం టిక్కెట్లు కొనేవారుట. మా పిల్ల అంత పనీ చేసింది.

కథ చెప్పకుండా గుణదోషాలు చెప్పటం నాకు చేతకాదు. చూడదలచుకున్నవాళ్ళు ఈ పేరా వదిలి తర్వాతిది చదువుకోండి. ఇతోమొరి అని కొండల మధ్య చెరువు చుట్టూ ఒక చిన్న ఊరు. అక్కడి గుడి పూజారుల ఇంటి పిల్ల మిత్సుహ. తల్లి లేదు, తండ్రి ఇల్లు విడిచి ఊరికి మేయరయ్యాడు, అమ్మమ్మ, చెల్లెలు వున్నారు. ఈ పల్లెటూరు వద్దు బాబో, వచ్చే జన్మలోనైనా టోకియోలో మగపిల్లవాడిగా పుట్టించమని దేవుణ్ణి కేకవేసి అడుగుతుంది. టోకియోలో తాకి అనే కుర్రవాడున్నాడు. ఒక రోజు పొద్దున్నే లేచేసరికి వాడు ఈమె ఒంట్లో, ఈమె వాడి ఒంట్లో వుంటారు. వారంలో రెండు మూడు సార్లు ఇలా జరుగుతుంది. ఒకరి బతుకు ఒకరు పాడుచేయకుండా సెల్‌ఫోనులో చీటీలు రాసి పెట్టుకుంటారు. తిట్టుకుంటారు. తర్వాత ఒక రోజు ఆ మారటం ఆగిపోతుంది. తాకి ఆమెను వెతుక్కుంటూ రైలెక్కి పోతాడు. ఊరు లేదు! తియామత్ అనే తోకచుక్క ముక్క ఒకటి విరిగిపడి, మూడేళ్ళ క్రితమే, అంటే 2013 అక్టోబరులో, ఆ ఊరు చెరువులో కలిసిపోయింది. ఐదువందలకు పైగా జనం పోయారు. వారిలో మిత్సుహ కూడా వుంది. తను మాట్లాడుతున్నది మూడేళ్ళ వెనకటి పిల్లతో అన్నమాట. అక్కణ్ణించి ఆ పిల్లనూ ఆ ఊరినీ రక్షించుకోవటమే మిగిలిన కథ.

“ఒకళ్ళలో ఒకళ్ళు దూరటమేమిటే, అప్రాచ్యపు కథ!” అంది అక్కయ్య మొదట్లో. నాకు మాత్రం నవ్వొచ్చింది. పరకాయప్రవేశం మనకు కొత్తా? శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ చిన్నప్పుడు మాకు చెప్పింది ఈ అక్కయ్యే. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో మణికంధరుడి చేత నలకూబరుడి రూపం, కలభాషిణి చేత రంభ రూపం వేయించి, ఎవరు ఎవరో తెలియక అసలు రంభే తికమకపడేట్టు చేశాడు. పైగా ముందు జరగబోయేదాన్ని వెనక చెప్పించి, వెనక జరిగినదాన్ని చంటిపిల్ల నోట పలికించాడు. కాలాన్ని అలా ముడివేసి విప్పటంలో సూరన ముందు ఈ జపానాయన ఇంకా విద్యార్థే. వెండితెర మీద కూడా, 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు ‘మూగమనసులు’ తీసి, గోదావరి మీద పడవలో పోతున్న కొత్త దంపతులకు గతజన్మ గుర్తుకొస్తే ఆంధ్రదేశమంతా నమ్మింది, ఏడ్చింది. అంచేత ఈ కథ మనకు అర్థం కాకపోవటానికేమీ లేదు.

ఇంతకూ ఆ పేరు కూడా వాళ్ళకు కొత్తది కాదుట. 1952 నుంచి 1954 దాకా జపాను రేడియోలో ఇదే పేరుతో కికుతా కజువో అనే నాటకకర్త రాసిన ధారావాహిక వచ్చేది. యుద్ధంలో టోకియో మీద బాంబులు పడుతున్న రాత్రి, ఒక వంతెన మీద ఇద్దరు కలుసుకుంటారు. బతికివుంటే మళ్ళీ ఇక్కడే కలుద్దామనుకుంటారు, పేర్లు చెప్పుకోకుండా. అది వచ్చే వేళకు ఊళ్ళలో ఆడవాళ్ళ స్నానశాలలు ఖాళీ అయ్యేవని చెప్పుకునేవారు. ఈ కథలో బాంబు బదులు తోకచుక్క, వంతెన బదులు మెట్లు.

ఇక ఇందులో నాకు నచ్చినవి. మొదటిది వెలుతురు. బొమ్మలలో వెలుతురు గీయటం ఇలా సాధ్యమని నేననుకోలేదు. వాన వెలిసిన రోడ్డు, రైలు తలుపులు మూసుకుంటున్నప్పుడు అద్దంలో జారే ఎండ, అన్నం కుక్కరు మూత తీయగానే లేచే ఆవిరి. ఇవన్నీ రోజూ చూసేవే. కాని ఇంత శ్రద్ధగా మన కెవరూ చూపించలేదు. ఇతోమొరి కల్పిత ఊరే అయినా, తాకి దిగే హిదా-ఫురుకావా స్టేషనూ, చివర ఇద్దరూ ఎదురుపడే టోకియోలోని సుగా గుడి మెట్లూ నిజంగా వున్నవి. సినిమా తర్వాత వాటిని చూడటానికి జనం తీర్థయాత్రలాగా పోతున్నారు. మన కీసర వంతెన మీద అసురసంధ్య వేళ ఎంత బాగుంటుందో గీసినవాడు లేడు గనుక, దాని మీద లారీలే పోతున్నాయి.

అసురసంధ్య అన్నాను. ఈ సినిమాలో ప్రాణమంతా అక్కడుంది. సంధ్యవేళకు జపాను భాషలో వున్న పాత మాటకు ‘ఎవరది?’ అని అర్థమట. మసక వెలుతురులో ఎదురుగా వచ్చేది ఎవరో తెలియదు గనుక. మనిషి కాకపోవచ్చు కూడాను. పంతులమ్మ తరగతిలో ఈ సంగతి చెబుతుంది. తర్వాత మూడేళ్ళ దూరంలో వున్న ఇద్దరూ కొండమీద ఒకరికొకరు కనిపించేది ఆ వేళలోనే. ఇది విన్నాక అక్కయ్య సర్దుకుని కూర్చుంది. “అసురసంధ్య వేళ గుమ్మంలో కూర్చోవద్దని నేను మొత్తుకుంటే విన్నావా?” అంది కూతురితో. అప్పణ్ణించీ సినిమా ఆవిడదయిపోయింది.

అమ్మమ్మ పాత్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆవిడ మనవరాళ్ళను కూర్చోబెట్టి రంగు దారాలతో తాళ్ళు అల్లిస్తుంది. దారం ముడిపడటం, మనుషులు కలవటం, కాలం పారటం, అన్నీ ఒకటే మాట, ఒకే దేవుడి పని అంటుంది. రెండువందల ఏళ్ళ క్రితం అగ్నిప్రమాదంలో గుడి కాగితాలన్నీ కాలిపోయాయిట. ఈ పూజలకు అర్థమేమిటో ఎవరికీ తెలియదు. అర్థం పోయినా ఆచారం పోకూడదంటుంది. ఆ చెరువే పూర్వం పడిన తోకచుక్క గుంట అనీ, గుడిలో నాట్యం ఆ సంగతి చెప్పే హెచ్చరిక అనీ మనకు మెల్లిగా తెలుస్తుంది. హెచ్చరిక వుంది, దాన్ని చదవగలిగినవాడు లేడు. చాలా గొప్ప ఊహ ఇది. 2011 మార్చిలో జపానులో వచ్చిన భూకంపం, సముద్రపు ఉప్పెన తర్వాత ఇటువంటి కథ తీయాలని తోచిందని దర్శకుడు చెప్పుకున్నాడు. (పిల్లలు బియ్యం నమిలి ఉమ్మి, దాన్ని పులియబెట్టి దేవుడికి సారా నైవేద్యం పెట్టే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం అక్కయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.)

పేర్లు మరిచిపోయే ఘట్టం కూడా చెప్పుకోవాలి. ఇద్దరూ మరిచిపోకుండా ఒకరి అరచేతిలో ఒకరు పేరు రాసుకుందామంటారు. వాడు ఆమె చేతిలో రాస్తాడు; ఆమె వాడి చేతిలో గీత మొదలుపెట్టేసరికి సంధ్య అయిపోతుంది, కలం కిందపడుతుంది. తర్వాత పరుగెత్తుతూ పడిపోయిన మిత్సుహ, పేరు చూసుకుందామని చెయ్యి విప్పుతుంది. అక్కడ పేరు లేదు. ‘నువ్వంటే నాకిష్టం’ అని వుంది. బావగారు ఆ క్షణంలో దగ్గారు. ఆయన అలా దగ్గటం అక్కయ్య పెళ్ళప్పుడు ఒకసారి విన్నాను.

ఇంత నచ్చినదాంట్లో లోపాలు లేవా అంటే, వున్నాయి. చిన్నవి ముందు చెబుతాను. కుర్రవాడు ఆడపిల్ల ఒంట్లో లేచినప్పుడల్లా చేసే ఒక వెకిలి పని నాలుగుసార్లు చూపించారు. ఒకసారయితే నవ్వొచ్చేదేమో. నలుగురం కూర్చుని చూస్తున్నాం, నేను గోడ గడియారం వంక చూశాను. రెండోది, ఇద్దరూ సెల్‌ఫోనులో రోజూ రాసుకుంటారు గదా, మూడేళ్ళ తేడా వుందని ఒక్కరికీ తెలియలేదేం? తారీకు చూడరా, వారం చూడరా? ఇది అడిగితే, “కలలో తారీకులు చూస్తామా మావయ్యా?” అంది మేనకోడలు. జవాబు బాగానే వుంది. కాని ఆ జవాబు సినిమా చెప్పాలి, ఆ పిల్ల కాదు. మూడోది, ఆ ఇద్దరూ ఒకరినొకరు ప్రేమించుకోవటానికి కారణం సరిగా కనిపించదు. తిట్టుకున్నారు, ఒక పాట వచ్చింది, పాట అయ్యేసరికి ప్రేమించుకున్నారు! రాడ్‌వింప్స్ అనే వాళ్ళ పాటలు బాగానే వున్నాయి గాని, మాటలు చేయవలసిన పని పాట చేత చేయించటం మన సినిమాలలోనూ వున్న జబ్బే.

పెద్ద లోపం వేరే వుంది. తోకచుక్క పడబోతోందని తెలిశాక, మిత్సుహ స్నేహితుడు కరెంటు స్టేషను పేల్చేస్తాడు. మరో స్నేహితురాలు బడిలోంచి ఊరి మైకులలో హెచ్చరిక చదువుతుంది. జనం కదలరు. పైగా మేయరు కార్యాలయం నుంచి, ఎక్కడివాళ్ళక్కడే వుండండి అని మైకులో చెప్పేస్తారు. ఇక తండ్రిని ఒప్పించటమొకటే దారి. మట్టికొట్టుకున్న బట్టలతో, గీరుకుపోయిన మోకాళ్ళతో మిత్సుహ తండ్రి గదిలోకి పోతుంది. తండ్రి తలెత్తి చూస్తాడు. పిల్ల అడుగు ముందుకు వేస్తుంది. అంతే, తోకచుక్క పడిపోతుంది! తర్వాత ఏళ్ళు గడిచాక పత్రికలో చూపిస్తారు, మేయరుగారు అదృష్టవశాత్తూ ఆ రాత్రి జనాన్ని తరలించారని. ఆ పిల్ల ఏం చెప్పింది? కన్నబిడ్డను, గుడిని, ఇంటిని వదిలిపోయిన మనిషి ఎందుకు నమ్మాడు? కథంతా వచ్చి నిలబడ్డ చోటు అది. అక్కడ తలుపు మూసేశారు.

“ఆ సంగతి వేరే పుస్తకంలో వుంది మావయ్యా, వాళ్ళ నాన్న కథ అంతా” అంది మేనకోడలు.

“సినిమా చూసినవాడు పుస్తకం కూడా కొనుక్కోవాలా?”

“అన్నీ చూపించాలా? ఆ అడుగులోనే తెలియటంలా?”

“నీకు తెలిసింది. నాకు తెలియలేదు.”

ఆ పిల్లకు కోపం వచ్చింది. ఇష్టమైనదాన్ని అంటే వచ్చే కోపం అది, మంచిదే. దీపాలార్పి పడుకున్నాం.

తెల్లవారి ఇద్దరం ధనంబోడు చూడటానికి వెళ్ళాం. ఊరి పక్కనే చిన్న గుట్ట. ధనం వున్న బోడు అని జనం పెట్టుకున్న పేరది. ఎవరి ధనమో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. తవ్వి చూసినవాళ్ళకు పలకరాళ్ళు దొరికాయి. అవి ఇళ్ళకూ, మెట్లకూ పోయాయి. 1882లో జేమ్స్ బర్జెస్ దొర వచ్చి తవ్వించి, ఇది బౌద్ధస్తూపమని తేల్చాడు. అమరావతితో కలిపి దీని మీద పుస్తకం వేశాడు. దొరికిన పలకలలో ప్రసిద్ధమైనది ఒక చక్రవర్తి బొమ్మ, మాంధాత అంటారు. ఆయన చెయ్యి పైకెత్తాడు, మబ్బులలోంచి చదరపు నాణేలు వానలా కురుస్తున్నాయి! ఆ పలక ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో వుంది. గుట్టలో ధనం వుందన్న జనం మాట వట్టిదేమీ కాదనిపించింది నాకు. నాణేల వాన అక్కడే వుంది, రాతి మీద. ఆ బొమ్మను చూసి పెట్టిన పేరో, కేవలం కాకతాళీయమో చెప్పేవాళ్ళు లేరు.

ఇక్కడే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. మూడో శతాబ్దం మాట. వెలగిరి అనే ఈ కొండ మీది మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టినట్లు అందులో వుంది. నిలబెట్టింది రాజూ కాదు, సెట్టీ కాదు. సిద్ధత్థుడనే శిల్పి. నాకచందుడి కొడుకునని చెప్పుకుని, తన ఊరు చెప్పుకుని, తల్లినీ ఇంటివాళ్ళనూ పుణ్యంలో కలుపుకున్నాడు. “పేరు రాశాడు, చూశావా మావయ్యా? తాకి కంటే తెలివైనవాడు” అంది మేనకోడలు. రాత్రి కోపం పోయిందని సంతోషించాను.

మధ్యాహ్నం పెనుగంచిప్రోలు. మునియేటి ఒడ్డున గోపయ్య సమేత తిరుపతమ్మవారి గుడి. ఆ కథ ఈ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. అనిగండ్లపాడు ఆడపడుచు తిరుపతమ్మ, పెనుగంచిప్రోలు కోడలు. అత్తింటి ఆరళ్ళు, భర్త గోపయ్య పశువులను తోలుకుని అడవికి పోయి పులివాత పడటం, ఇక్కడ ఈమె జబ్బుతో పశువులపాకలో వుండటం, చివరకు అగ్నిలో ప్రవేశించి దేవతై, భర్త పక్కన నిలబడటం. 1963లో ఎన్.టి. రామారావు, కృష్ణకుమారిలతో ‘తిరుపతమ్మ కథ’ అని సినిమాగా కూడా వచ్చింది. బతికినన్నాళ్ళూ కలిసివుండనివ్వని జంటను, జనమే కలిపి గుడి కట్టి పెట్టారు.

నాకు తెలియని ముచ్చట ఒకటి అక్కడ తెలిసింది. అమ్మవారివీ, స్వామివారివీ, సహదేవతలవీ కొయ్య విగ్రహాలు. రెండేళ్ళకొకసారి వాటిని ఎడ్లబండ్ల మీద జగ్గయ్యపేటకు తీసుకుపోతారు. అక్కడ రంగుల మండపంలో వుంచి, కొత్తగా రంగులు వేసి, మళ్ళీ ఊరేగింపుగా తీసుకొస్తారు. రంగుల ఉత్సవమంటారు. దారి పొడుగునా జనం. ఆ రోజులలో మేనకోడలు చిన్నప్పుడు మండపం దగ్గర పడిగాపులు పడి వుండేదిట, అమ్మవారి కళ్ళు ఎలా దిద్దుతారో చూద్దామని. “బొమ్మలు వేయాలని నాకు బుద్ధి పుట్టింది అక్కడే. ఆ సినిమాలు చూసి కాదు” అంది.

ఆ మాట నా మనసులో నిలిచింది. జపాను బొమ్మల సినిమాల మోజు మన పిల్లలకు ఎక్కణ్ణించి వచ్చిందా అని మనం ఆశ్చర్యపోతాం. 2019లో షింకాయ్ తర్వాతి సినిమా మన దేశంలో విడుదల చేయమని కుర్రకారు సంతకాలు సేకరిస్తే అది వచ్చింది. 2023 ఏప్రిల్లో ఆయనదే ‘సుజుమె’ వచ్చింది. 2025 జనవరిలో జపానువాళ్ళు, మనవాళ్ళు కలిసి ఎప్పుడో తీసిన రామాయణం బొమ్మల సినిమా తెలుగులో కూడా వచ్చింది; అదే సెప్టెంబరులో ‘డెమన్ స్లేయర్’ తెలుగు మాటలతో ఆడింది. రంగు వేసిన కొయ్యబొమ్మకు ప్రాణముందని నమ్మే ఊళ్ళో పుట్టిన పిల్లలకు, రంగు వేసిన బొమ్మ తెర మీద కదిలితే వింతేముంది?

తిరుగు ప్రయాణంలో మేనకోడలు కూడా వచ్చింది, పిన్నికి చెప్పి వెళ్దామని. ఇద్దరం ఏటివార పల్లెలో దిగేసరికి సరిగ్గా అసురసంధ్య. గేదె పాలు పితుకుతూ వుంది పిన్ని. గోడ మీది చార మసకలో ఇంకా నల్లగా కనిపించింది. ఈసారి అడిగాను, 2024లో ఆ రాత్రి ఏం జరిగిందని.

“ఏముంది? చీకటితో మైకులో చెప్పారు, ఏరు పొంగుతోంది లేచిపొండని. నేను లేవలా. నా ఎరికన ఈ గుమ్మంలోకి నీళ్ళు రాలేదు. మావగారు చెప్పేవారు, ఆయన ఎరికన కూడా రాలేదు. పక్కింటి కోడలు వచ్చి ఏడ్చింది. వాళ్ళాయన వచ్చి కేకలేశాడు. ముందటేడు రోడ్డు మీదికి వచ్చింది గాని ఇంట్లోకి రాలేదుగా అన్నాను. పొండర్రా అన్నాను.”

“మరి ఎట్లా లేచావమ్మమ్మా?” అంది మేనకోడలు.

పిన్ని చెంబు పక్కన పెట్టింది. “వాళ్ళ కుర్రాడున్నాడు గదా, పదో తరగతివాడు, మాట్లాడడు. వాడొచ్చాడు. నాతో ఏమీ అనలా. సరాసరి వసారాలోకి పోయి, గేదె పలుపు విప్పుకుని నడిచాడు. ఒరేయ్, గేదె నెక్కడికి తోలుకుపోతున్నావురా అంటూ వాడి వెంట నేనూ పోయాను. వాడు తిరిగి చూడలా. బడి మెట్లు ఎక్కిందాకా చూడలా. ఎక్కాక వెనక్కి తిరిగితే మన వీధి లేదు. నీళ్ళే.”

కాసేపు ఎవరం మాట్లాడలేదు. గేదె తోక విసిరింది. మేనకోడలు సినిమా కథ మొదలుపెట్టి, తోకచుక్క, మైకు, మేయరు, అన్నీ పిన్నికి చెప్పింది. పిల్ల తండ్రి గదిలోకి పోయిందనీ, అక్కడితో చూపించటం మానేశారనీ చెప్పి, “మావయ్య అదే తప్పంటాడు” అంది.

పిన్ని కొంచెం ఆలోచించింది. “తప్పే. ఏం చెప్పిందో చూపించొద్దూ?” అని, మళ్ళీ చెంబు అందుకుంటూ, “ఆ పిల్ల మోకాళ్ళు గీరుకుపోయి వున్నాయన్నావా?” అంది.

“అవునమ్మమ్మా.”

“తండ్రి వాటి వంక చూశాడా?”

మేనకోడలు నా వంక చూసింది. నాకు గుర్తులేదు. దానికీ గుర్తులేదు. బస్సు హారను వినిపించింది. మళ్ళీ చూసి ఫోను చేస్తానని పిన్నికి చెప్పి, చీకట్లో రోడ్డు వైపు పరుగెత్తాం.